ప్లేటులో లేని గొంతు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నించీ లెక్కలేదండి. మా కడియం దగ్గర కాలవగట్టు మీద శ్మశానం ఉంది. నేను పనిచేసే నర్సరీకి అడ్డదారి అదే. తెల్లారీ తెల్లారకుండా క్యారేజీ పట్టుకుని ఒక్కదాన్నే పోయేదాన్ని. భయపడి చుట్టూ తిరిగొచ్చే ఆడోళ్ళని ఆట పట్టించేదాన్ని. "చచ్చినోళ్ళకి వేరే పని లేదేంటే, నీ వెనకాల పడతారూ?" అనేదాన్ని. మా ఆయన పోయాక కూడా ఆ దారినే వెళ్ళాను. ఆయన్ని కాల్చిందీ అక్కడే. ఏనాడూ ఏమీ కనపడలేదు. కనపడితే బాగుణ్ణు అని ఆగి చూసిన రోజులున్నాయి, అబద్ధమెందుకు. అయినా కనపడలేదు.

అందుకని నేను చెప్పేది దెయ్యం కథ అనుకోకండి. ఇది రేడియోలో జరిగింది. పట్టపగలు, అన్నాలు తినే వేళ, అందరి మధ్యనా జరిగింది. నాకు సంతకం మించి రాదు. నేను చెప్తుంటే పక్కింటి టీచరమ్మ రాస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

మా ఆయన నర్సరీలో లారీలకి మొక్కలెత్తేవాడు. కోతలయ్యాక, శివరాత్రికీ దసరాకీ మాత్రం బుర్రకథ దళంతో ఊళ్ళు తిరిగేవాడు. నడుమ కథకుడు తంబురా మీటుతూ కథ చెప్తాడు కదండీ, అటొకడూ ఇటొకడూ వంతలు గుమ్మెటలు వాయిస్తా తందాన తాన అంటారు. ఆ ఇద్దరిలో ఒకడి పని నవ్వించడం. కథకుడు ఊపిరి తీసుకునేలోగా అడ్డం పడి ఓ మాట విసరాలి. ఆ నవ్వించే వంత మా ఆయన. కథకుడు ద్రాక్షారామం వీర్రాజు గారు. పెద్దమనిషి. మా ఆయన్ని సొంత తమ్ముడిలా చూసేవారు.

మా ఆయన గొంతు సంగతి చెప్పాలి. మైకులు లేని రోజుల్లో నేర్చుకున్న గొంతు అది. ఆయన తందాన అన్నాడంటే ఊరి చివర పశువులు చెవులెత్తేవి. ఇంట్లో మాట్లాడినా అంతే. "కూరేంటే?" అని అడిగితే మా కూర ఏంటో వీధి వీధంతా తెలిసిపోయేది. మా ఆడపడుచు మంగ పక్క వాటాలోనే ఉండేది. "అన్నయ్యా, నువ్వు రహస్యం చెప్పాలంటే రాజమండ్రి వెళ్ళి చెప్పు, ఇక్కడికి వినపడుద్ది" అనేది.

ఇంకొకటి. ఊళ్ళకి కథకి బయల్దేరేటప్పుడు నేను గుమ్మంలో నిలబడి ఒకటే మాట అడిగేదాన్ని, తువ్వాలు పెట్టుకున్నావా అని. ఆయనకి చెమటెక్కువ. తువ్వాలు మర్చిపోయి చొక్కాకి తుడుచుకొచ్చేవాడు, ఉతకలేక చచ్చేదాన్ని. దాన్ని పట్టుకుపోయి కథలో పెట్టాడు ఆ మనిషి! వీర్రాజు గారు చెప్పే కథలో ఒక రాజు యుద్ధానికి బయల్దేరే ఘట్టం ఉంది. రాణి గుమ్మంలోకి వచ్చింది, కళ్ళనీళ్ళు ఆపుకుంది, వీరతిలకం దిద్దింది. జనం చీమ చిటుక్కుమనకుండా వింటా ఉంటారు. అప్పుడు మా ఆయన గుమ్మెట మీద ఒక్కటి కొట్టి, "ఏమందన్నా? తువ్వాలు పెట్టుకున్నావా అందా?" అనేవాడు. జనం గొల్లుమనేవాళ్ళు. మా ఊళ్ళో చెప్పినప్పుడైతే ఆడాళ్ళందరూ తిరిగి నా వంక చూసేవాళ్ళు. నేను కొంగు నోట్లో పెట్టుకుని తల వంచుకునేదాన్ని. ఇంటికొచ్చాక తిట్టేదాన్ని. తిట్టినప్పుడల్లా ఇంకా సంబరం ఆయనకి.

మాకు పెళ్ళయిన కొత్తల్లో వీళ్ళ దళం కథ ప్లేటు మీద ఎక్కించడానికి మద్రాసు పిలిచారు. అప్పట్లో బుర్రకథలూ హరికథలూ నాటకాలూ అన్నీ నల్లటి గ్రామఫోను ప్లేట్ల మీద వచ్చేవి కదండీ, పెళ్ళిళ్ళలో మైకు సెట్టువాళ్ళు పెట్టేవారు, రేడియోలో వేసేవారు. ముగ్గురూ రైలెక్కి వెళ్ళారు. వచ్చేటప్పటికి మా ఊళ్ళో స్టేషన్ దగ్గరే దండలేశారు. ఆ రోజునించీ మా ఆయన పేరు పోయి ప్లేటు సూరయ్య అయ్యాడు. నర్సరీలో లెక్క రాసుకునే గుమస్తా కూడా ప్లేటు అనే పిలిచేవాడు.

నేనా ప్లేటు వినలేదండి. మాకిచ్చిన ప్లేటు రైల్లో సూట్‌కేసు మీద పడి పగిలిపోయిందన్నాడు. పోనీలే, ఎక్కడో ఒకచోట వింటాంలే అనుకున్నాను. ఒకసారి ఎవరిదో పెళ్ళిలో మైకు సెట్టు ఆయన దగ్గర ఆ ప్లేటు ఉందని తెలిసి, పనిగట్టుకుని వెళ్ళి అడిగాను. "సూది పోయిందమ్మా, పాటలకే సరిగ్గా పలకట్లేదు" అన్నాడు. అంతలోనే పాట బ్రహ్మాండంగా మోగింది. నాకప్పుడు తట్టలేదు.

రేడియోలో వేశారని ఎవరో చెప్పేవాళ్ళు. మేం విన్నరోజున మాత్రం వేసేవాళ్ళు కాదు.

ఆ గొంతుకే పుండు పుట్టింది. చుట్ట తాగొద్దంటే వినేవాడు కాదు. కాకినాడ ఆసుపత్రిలో చూపిస్తే కోసి గొట్టం పెట్టారు. మనిషి దక్కాడు కొన్నాళ్ళు, గొంతు దక్కలేదు. అంత గొంతు ఉన్న మనిషి చేత్తో సైగ చేసి మంచినీళ్ళడుగుతుంటే చూడలేకపోయేదాన్ని. గాలి మాత్రం వచ్చేది. నీళ్ళు పోస్తే పొయ్యిలో నిప్పు సుయ్యిమంటుంది కదా, ఆ చప్పుడు. రాత్రిపూట నేను గట్టిగా ఏదో ఒకటి మాట్లాడుతుండేదాన్ని, ఇల్లు మరీ చిన్నబోతోందని.

అప్పుడే మంగ చేత రేడియోవాళ్ళకి కార్డులు రాయించడం మొదలుపెట్టాను. ఫలానా దళం బుర్రకథ ప్లేటు వెయ్యండి బాబూ, అందులో మా ఆయన గొంతుంది అని. నేను చెప్తుంటే మంచం మీంచి ఆయన చెయ్యి ఊపేవాడు, వద్దు వద్దని. సిగ్గనుకున్నాను. "ఇప్పుడు సిగ్గేంటి, ఊరంతా నా తువ్వాలు గోల చెప్పినప్పుడు లేదు గానీ" అన్నాను. నవ్వాడు. నవ్వుకి కూడా చప్పుడు లేదు.

వాళ్ళు వెయ్యలేదు. ఆయన పోయాడు.

మొగుడు పోయిన ఆడదానికి ఏం కావాలో ఎవరూ అడగరండి. అడిగితే నేను చెప్పేదాన్ని. నాకు ఫోటో ఉంది. చొక్కాలున్నాయి. గొంతు లేదు. మొదట్లో తలుచుకుంటే వినపడేది. ఏడాది తిరిగేసరికి తలుచుకుంటే మాటలు వస్తున్నాయి, గొంతు రావట్లేదు. ఆయన మాటలు నా గొంతుతోనే వినపడుతున్నాయి. అదొక్కటే భయమేసింది నాకు. మంగని లేపి "మీ అన్నయ్య నన్ను ఎలా పిలిచేవాడే?" అని అడిగాను. అది అనుకరించి చూపించింది. కాదు. అలా కాదు. ఇద్దరం ఏడ్చాం. మళ్ళీ కార్డులు రాయించాను.

ఆ రోజు వాన ముసురు. నర్సరీలో తాటాకు పందిరి కింద నేనూ మంగా మిగతా కూలోళ్ళూ కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్నాం. మా మేస్త్రీ అబ్బులు రేడియో గుంజకి వేలాడదీసి ఉండేది. ఈ అబ్బులుకీ మా ఆయనకీ కూలి దగ్గర గొడవై చాలా ఏళ్ళు మాటల్లేవు. పోయినప్పుడు చూడ్డానికి కూడా రాలేదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

అన్నాలకి చేతులు కడుక్కోబోతుంటే రేడియోలో ఆడమనిషి, శ్రోతల కోరిక మీద గ్రామఫోను రికార్డు, బుర్రకథ, అని వీర్రాజు గారి దళం పేరు చెప్పింది. మంగ పరుగెత్తి సౌండు పెంచింది. ముందు సూది గీసుకున్న చప్పుడు. తర్వాత తంబురా. వీర్రాజు గారి గొంతు, పడుచు గొంతు. వంతలు తందాన అన్నారు. అందులో మా ఆయన ఎక్కడా అని వెతుక్కుంటున్నాను. రెండు గుమ్మెటలూ కలిసిపోయి తెలియట్లేదు.

రాజు బయల్దేరాడు. రాణి గుమ్మంలోకి వచ్చింది. తిలకం దిద్దింది.

"ఏమందన్నా? తువ్వాలు పెట్టుకున్నావా అందా?"

ఆయనేనండి. కొంచెం దూరంగా, అవతల గదిలోంచి కేకేసినట్టు. కానీ ఆయనే. ఆ "అన్నా" దగ్గర సాగదీయడం, "అందా" దగ్గర గొంతు పైకెక్కి చిన్నగా పగలడం. ఎన్ని రాత్రులు వెతికినా దొరకని గొంతు, మట్టిచేతులతో కూర్చున్నప్పుడు వచ్చి చెవిలో పడింది.

నేను తల వంచుకోలేదు ఈసారి. "పెట్టుకోకపోతే నా కొంగు ఉందిగా నీకు!" అని పైకే అనేశాను. పందిరంతా నవ్వింది. నవ్వుతూనే ఏడుస్తున్నారు. మా వంక చూడకుండా మొక్కలకి కర్రలు కడుతున్న అబ్బులు చెయ్యి ఆపి, "అదుగో, ప్లేటుగాడి గొంతు. ఎక్కడున్నా గోలే ఈడిది" అన్నాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని అవతలికి పోయాడు.

అది ఒకసారి వింటే చాలనుకునేదాన్ని. విన్నాక తెలిసింది, చాలదని. వారం తిరక్కుండా మంగని వెంటబెట్టుకుని ద్రాక్షారామం వెళ్ళాను. వీర్రాజు గారికి చూపు మందగించింది. అరుగు మీద కూర్చుని ఉన్నారు. నా గొంతు వినగానే "రా తల్లీ" అన్నారు. రేడియోలో విన్నామని చెప్తే సంతోషించారు. ఆయన దగ్గర ప్లేటు ఉందా అని అడిగాను. ఉంది. పాత పంచెలో చుట్టి పెట్టె అడుగున దాచారు. పెట్టుకోడానికి మిషను లేదు. అందుకని ముగ్గురం రామచంద్రపురంలో మైకు సెట్టు ఆయన దగ్గరికి వెళ్ళాం. అప్పుడు పెళ్ళిలో సూది పోయిందన్నాడే, ఆ మనిషే. అప్పటికి క్యాసెట్లు వచ్చేసి ఆయన ప్లేట్ల మిషను మీద గోనె కప్పేసి ఉంది. దులిపి పెట్టాడు.

అదే తంబురా. అదే పడుచు గొంతు. రాజు బయల్దేరాడు. రాణి గుమ్మంలోకి వచ్చింది. తిలకం దిద్దింది. నేను మంగ చెయ్యి పట్టుకున్నాను.

"ఆహా! ఏమన్నది సోదరా?" అంది ఒక గొంతు. మెత్తటి గొంతు. సినిమాల్లో మంచివాడి పక్కన ఉండే స్నేహితుడి గొంతులా ఉంది. నాకు తెలియని మనిషి.

"ఇది కాదండి" అన్నాను. "ఇంకో ప్లేటు. రేడియోలో వేసింది ఇది కాదు."

"మేం ఎక్కించింది ఒకటే ప్లేటమ్మా" అన్నారు వీర్రాజు గారు.

మళ్ళీ పెట్టించాను. మళ్ళీ ఆ మెత్తటి గొంతే. తువ్వాలు లేదు. మంగ "మరి మా అన్నయ్య ఏడండీ?" అని అడిగింది. మైకు సెట్టు ఆయన టీ తెస్తానని లేవబోతే "కూర్చోవయ్యా, నీకూ తెలిసిందేగా" అన్నారు వీర్రాజు గారు.

ఆయన చెప్పింది ఇదండి. మద్రాసులో ఆ గదికి గోడలకి కూడా పరుపులు కుట్టి ఉన్నాయంట. అద్దం వెనకాల ఇంజనీరు. మా ఆయన తందాన అనగానే అద్దం వెనకాల గొంతు కొలిచే మీటరు ముల్లు ఎగిరి అవతలికి పడింది. గొంతు తగ్గించమన్నాడు. ఆయన తగ్గించాడు. మళ్ళీ పడింది. తగ్గిస్తే ఆయనకి తాళం తప్పుతోంది. నాలుగు మైళ్ళ అవతలికి వినపడాలని నేర్చుకున్నవాడికి మూరెడు దూరంలో ఉన్న మైకుతో మాట్లాడ్డం ఎవరు నేర్పారు? వెనక్కి జరుగు అన్నారు. జరిగాడు. ఇంకా జరుగు అన్నారు. గోడకి ఆనుకున్నాడు. తలుపు తీసి గుమ్మంలో నిలబెట్టారు. అక్కణ్ణించీ ముల్లు పడిపోతానే ఉందంట. చివరికి బయటికి పంపేసి రెండు తలుపులూ వేసేశారు. సినిమాలకి గొంతిచ్చే కుర్రాడెవడో అక్కడ ఖాళీగా ఉంటే వాణ్ణి పెట్టి కానిచ్చేశారు.

"బయటికొచ్చి చూస్తే మెట్ల మీద కూర్చుని గుమ్మెట తుడుచుకుంటున్నాడమ్మా" అన్నారు వీర్రాజు గారు. "బాగా వచ్చిందా అన్నా అని అడిగాడు. రైల్లో ఒట్టేయించుకున్నాడు. 'మా ఇంటిదానికి చెప్పకండి. నా గొంతు సాలక తీసేశారంటే నవ్వుతుంది, ఎక్కువై తీసేశారంటే నమ్మదు' అన్నాడు. మీ ఊరి స్టేషన్లో దండలేస్తారని మేమనుకున్నామా? వేశాక ఇంకేం చెప్తాడు?"

మైకు సెట్టు ఆయన నేల చూపులు చూస్తా, "అప్పుడు సూది పోలేదమ్మా. మీ ఆయన ముందే వచ్చి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు" అన్నాడు.

నాకు కోపం రాలేదండి. అన్నేళ్ళూ ఊరంతా ప్లేటూ ప్లేటూ అని పిలుస్తుంటే ఆ మనిషి ఎలా పలికాడా అనిపించింది. కార్డులు రాయిస్తుంటే ఎందుకు చెయ్యి ఊపాడో తెలిసింది. తెలిసి ఏం లాభం? అడిగి దెప్పడానికి మనిషి లేడు.

కానీ మరి మేం విన్నదేంటి?

రేడియోలో విన్న సంగతి విడమరిచి చెప్పేసరికి ఈసారి వీర్రాజు గారు కంగారుపడ్డారు. బయట మెట్ల మీంచి మా ఆయన కేకేస్తే లోపల పడిందేమో అన్నాడు మైకు సెట్టు ఆయన. సౌండు ఆఖరికి పెంచి స్పీకరు డబ్బాకి చెవి ఆనించి విన్నాడు. గరగర తప్ప ఏమీ లేదు. పైగా మెట్ల మీద ఉన్నవాడికి లోపల కథ ఎక్కడిదాకా వచ్చిందో ఎలా తెలుస్తుంది, సరిగ్గా ఆ చోటే ఎలా అందుకుంటాడు? ఇంకెప్పుడైనా రేడియోవాళ్ళు కథ రికార్డు చేసుకున్నారా అని అడిగాను. తమ దళం రేడియో స్టేషన్ గడప తొక్కలేదన్నారు వీర్రాజు గారు. ఎవరైనా పందిట్లో టేపు చేసి ఇచ్చి ఉంటే అందులో జనం నవ్వు ఉండాలి కదా. మేం విన్నదాంట్లో జనం లేరు. నవ్వింది మేమే.

నేనొక్కదాన్నే విని ఉంటే నా పిచ్చి అనుకునేదాన్ని. మంగ విన్నా, అన్నయ్య మీద బెంగ అనుకునేదాన్ని. ఆయనంటే గిట్టని అబ్బులుకి ఏం బెంగండీ? ముందు పేరు పెట్టి చెప్పింది అబ్బులే.

కొన్నాళ్ళకి రేడియోలో అదే మళ్ళీ వేశారు. ముందురోజే చెప్పారు. ఆ వేళకి అందరూ పని ఆపి పందిరి కింద చేరారు. అబ్బులే సౌండు పెంచాడు. రాజు బయల్దేరాడు. రాణి వచ్చింది. తిలకం దిద్దింది. "ఆహా! ఏమన్నది సోదరా?" అంది ఆ మెత్తటి గొంతు. అబ్బులు రేడియో వంక అలాగే చూసి, "ఇది కాదు అప్పుడు ఏసింది" అన్నాడు. మళ్ళీ "కాదంటే కాదు" అని నామీదే కోప్పడ్డట్టు అన్నాడు, నేనేదో అవునన్నట్టు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. అబ్బులు కూడా పోయాడు. మంగ ఉంది, అడిగితే ఇప్పటికీ ఇదే చెప్తుంది. గుళ్ళో పంతులు గారిని అడిగాను. రేడియోలు బాగుచేసే ఆయన్ని అడిగాను. ఎవరి మాటా నాకు అతకలేదు. ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్తే మా ఆయనే నవ్వుతాడు.

వీర్రాజు గారు పోయే ముందు కబురు పెట్టి ప్లేటు నన్ను తీసుకోమన్నారు. దణ్ణం పెట్టి వద్దన్నాను. అందులో మా ఆయన లేడని నాకు ఖాయంగా తెలుసు. రేడియోలో ఉన్నాడో లేడో తెలియదు. అందుకని ఆ రేడియో ఒక్కటీ మానలేదండి. ఇప్పుడు బుర్రకథలు ఎప్పుడో గానీ వెయ్యరు. హరికథ వేసినా, నాటకం వేసినా, ఎవరెవరివో మాటల ప్లేట్లు ఏవి వేసినా వింటాను. గొంతుల కోసం కాదు. ఒక గొంతు ఆగి ఇంకో గొంతు అందుకునే ముందు చిన్న సందు ఉంటుంది చూడండి, మా ఆయన మాట విసిరే సందు, అది వచ్చినప్పుడు పొయ్యి మీద కూర మాడుతున్నా కదలను.